పసివాళ్ల మనసు, మాట, బుద్ధి: పుట్టినప్పటి నుంచి మూడేళ్ల దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో ఒక పిల్లల క్లినిక్‌లో ఎదుగుదల కౌన్సెలర్‌గా పనిచేస్తాను. టీకా రోజున తల్లిదండ్రులు బరువు అడుగుతారు, జ్వరం వస్తే ఏం వేయాలో రాయించుకుంటారు. అసలు ప్రశ్న మాత్రం గుమ్మం దగ్గర, చెప్పులు వేసుకుంటూ అడుగుతారు: “మేడమ్, ఇంకో మాట...” ఆ ‘ఇంకో మాట’లే ఇవన్నీ.

పుట్టిన బిడ్డకి ఏం తెలుస్తుంది? రోజంతా నిద్రే కదా?

చాలానే తెలుస్తుంది. పుట్టిన బిడ్డకి 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త స్పష్టంగా కనిపిస్తాయి. అంటే జానెడు, జానెడున్నర. పాలు తాగేటప్పుడు అమ్మ ముఖం ఉండేది అక్కడే. గోడ మీద గడియారం వాడికి ఒక మసక మచ్చ.

గొంతు పరిచయం కడుపులో ఉండగానే మొదలవుతుంది. 1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. పుట్టి మూడు రోజులు కూడా దాటని పిల్లల నోట్లో పాలపీక పెట్టి, చప్పరించే తీరును బట్టి అమ్మ గొంతో, ఇంకో ఆవిడ గొంతో వినిపించే ఏర్పాటు చేశారు. ఆ పసిగుడ్లు అమ్మ గొంతు వినిపించేలా చప్పరించే తీరు మార్చుకున్నారు. పుట్టినప్పుడు మెదడు బరువు పెద్దవాళ్ల మెదడులో పావు వంతు ఉంటుంది, రెండేళ్లు వచ్చేసరికి ముప్పావు వంతుకి చేరుతుంది. నిద్రపోతున్నాడని మనం అనుకునే రోజుల్లో లోపల జరుగుతున్న పని అది.

ఏ నెలలో ఏం రావాలి? ఒక లెక్క చెప్పండి.

లెక్క మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాకుండలు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకి పంచదార చిలకలు. మా అమ్మమ్మ ఇది గోడ మీద రాసిన టైమ్‌టేబుల్ లాగా అప్పజెప్పేది. వీధి వీధంతా పంచుతారు కాబట్టి, ఎవరింట్లో అరిసెలు ఇంకా రాలేదో కూడా వీధికి తెలిసేది!

కాస్త తేదీలు కలుపుతాను. మొదటి వారాల్లో నిద్రలో వచ్చే నవ్వుని దేవుడు నవ్విస్తున్నాడంటారు, అది మనల్ని చూసి నవ్వే నవ్వు కాదు. ఎదుటి ముఖాన్ని చూసి నవ్వేది ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య. రెండో నెలలో ‘ఉంగా’లు, ఆరేడు నెలల్లో ‘తాతాతా’, ‘బాబాబా’. ఎనిమిది తొమ్మిది నెలలకి, గుడ్డ కింద దాచిన గిలక్కాయ పోలేదని, అక్కడే ఉందని తెలిసి గుడ్డ లాగుతాడు. ఏడాది చుట్టూ వేలు పెట్టి చూపించడం, మొదటి మాట. ఏడాదిన్నర నుంచి రెండేళ్ల మధ్య అద్దంలో ఉన్నది తనే అని తెలుస్తుంది. రెండేళ్లకి ‘నాన్న టాటా’, ‘పాలు వద్దు’ లాంటి రెండు ముక్కల మాటలు.

నెల అటూ ఇటూ అయితే టెన్షన్ వద్దు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే, రెండేళ్లు వచ్చేదాకా డాక్టర్ ఇచ్చిన ప్రసవం తేదీ నుంచే వయసు లెక్కపెట్టాలి. రెండు నెలలు ముందు పుట్టిన పాపని పక్కింటి పాపతో పోల్చి ఏడ్చే తల్లులు నెలకి ఇద్దరైనా కనిపిస్తారు.

ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుంటే ఎత్తు మరుగుతాడంటున్నారు మా అత్తగారు. నిజమేనా?

మొదటి ఆరు నెలల్లో మరగడం అనేది లేదు. ‘ఏడిస్తే అమ్మ వస్తుంది’ అని పన్నాగం పన్నేంత మెదడు ఆ వయసుకి ఉండదు. ఆకలి, తడి, ఉక్క, ఒంటరితనం, అన్నిటికీ ఒకటే భాష. ఏడుపు ఆరో వారం ప్రాంతంలో బాగా ఎక్కువవుతుంది, ముఖ్యంగా సాయంత్రాలు. మూడు నాలుగు నెలలకి దానంతట అదే తగ్గుతుంది. ఎత్తుకోండి. అత్తగారికి కూడా ఇవ్వండి, ఆవిడా ఎత్తుకుంటారు. అలా అన్నవాళ్లే బిడ్డని కింద పెట్టకపోవడం నేను రోజూ చూస్తాను.

మాటలు రాని బిడ్డతో ఏం మాట్లాడాలి? పిచ్చిదానిలా ఉంటుంది నాకు.

ఈ పేజీలో ఒక్క జవాబే చదివేంత టైమ్ ఉంటే ఇది చదవండి.

మనం కథ చెప్తుంటే వినేవాళ్లు ‘ఊ’ కొట్టాలి. ఊ కొట్టకపోతే కథ ఆపేస్తాం. పసివాడి సంగతీ అంతే, కాకపోతే కథ చెప్పేది వాడు, ఊ కొట్టాల్సింది మనం. వాడు ‘ఉంగా’ అంటాడు, మీరు ‘అవునా, ఇంకేంటి కబుర్లు?’ అంటారు, ఆగుతారు, వాడు మళ్లీ ఏదో అంటాడు. ఆ ఆగడం ముఖ్యం. చాలామంది తల్లిదండ్రులు మాట్లాడతారు కానీ ఆగరు.

దీన్ని నాకన్నా బాగా చేసే మనిషిని మా వీధిలో చూశాను, పసిపిల్లలకి నీళ్లు పోసే ఆవిడ. పెరట్లో పీట మీద కూర్చుని, కాళ్లు బార్లా చాపి, వాటి మీద నాలుగు నెలల పిల్లని పడుకోబెట్టి నలుగు రుద్దుతోంది. “ఏమ్మా, నూనె ఎక్కువైందా?” అని ఆగింది. పిల్ల “ఊఁ” అంది. “ఎక్కువైందంటావా, మీ అమ్మమ్మ పోసింది, నేను కాదమ్మా.” మళ్లీ ఆగింది. పిల్ల కాళ్లు తన్నింది. “తంతావా, మీ అమ్మమ్మనే తన్ను.” పది నిమిషాల స్నానంలో ఆ పిల్ల ఎన్నిసార్లు జవాబిచ్చిందో! ఆవిడకి చదువు రాదు, కానీ ఆ పది నిమిషాల్లో ఒక్కసారి కూడా పిల్ల మాటకి అడ్డు రాలేదు.

ఇది లేకపోతే ఏమవుతుందో 1970ల్లో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికన్ సైకాలజిస్టు చూపించాడు. తల్లి బిడ్డతో ఆడుతూ ఆడుతూ, చెప్పగానే ముఖం బిగించేసి రెండు నిమిషాల పాటు ఏ భావమూ లేకుండా చూడాలి. బిడ్డ ముందు నవ్వి చూస్తాడు, చేతులు చాపుతాడు, అరుస్తాడు. పని జరగకపోతే ముఖం తిప్పేసుకుని ఏడుపుకి దిగుతాడు. రెండే నిమిషాలు. తల్లి మళ్లీ మామూలుగా అయ్యాక తేరుకుంటాడు, అది కూడా గమనించండి. రోజంతా ఊ కొట్టక్కర్లేదు. వంట మాడిపోతుంటే వెళ్లండి. తిరిగొచ్చి అందుకుంటే చాలు.

ఫోన్ చూపిస్తే గానీ అన్నం తినడు. ఏం చేయమంటారు?

మొన్న ఓపీలో ఒక నాన్న ఒళ్లో ఏడాదిన్నర బాబు. చేతిలో ఫోన్, ఫోన్‌లో రంగురంగుల పాట. నాన్న ముద్ద నోటి దగ్గర పెడితే వాడి నోరు తెరుచుకుంటోంది, కళ్లు మాత్రం కదల్లేదు. ఆ ముద్దలో పప్పుందో పెరుగుందో వాడికి తెలియదు. ఫోన్ చార్జింగ్ అయిపోయింది. తర్వాతి సంగతి మీకూ తెలుసు, క్లినిక్ దద్దరిల్లింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది: రెండేళ్ల లోపు స్క్రీన్ వద్దు, రెండేళ్ల వయసులో గంట మించకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది. మన దేశంలోని పిల్లల డాక్టర్ల సంఘం కూడా రెండేళ్ల లోపు వద్దే వద్దంటోంది. స్క్రీన్ విషం అని కాదు, అది ఊ కొట్టదు. 2003లో సియాటిల్‌లో పాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లల్లో కొందరికి చైనా భాష మాట్లాడే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టింది, కొందరికి అవే మాటలు వీడియోలో చూపించింది. మనిషి దగ్గర విన్నవాళ్లు ఆ భాష శబ్దాలు పట్టుకున్నారు. వీడియో పిల్లలకి ఏమీ రాలేదు.

మానిపించడం ఎలా? ఒక్కసారిగానే. మూడు నాలుగు రోజులు తక్కువ తింటాడు, గోల చేస్తాడు, ఇల్లు పీకి పందిరేస్తాడు. ఆకలి వేస్తే తింటాడు. కింద కూర్చోబెట్టి, వాడి కంచం వాడికిచ్చి, మీరూ పక్కన తినండి. సగం అన్నం నేల మీద పడుతుంది, పడనివ్వండి. ఇంట్లో పెద్దవాళ్లు కూడా భోజనం దగ్గర ఫోన్ పక్కన పెట్టాలి. ఇది చెప్పగానే నాన్నలు కిటికీలోంచి బయటికి చూస్తారు.

డాలస్‌లో ఉన్న మనవరాలితో వీడియో కాల్ మాట్లాడచ్చా అని గుంటూరు బ్రాడీపేట తాతగారొకరు భయపడుతూ అడిగారు. హాయిగా మాట్లాడండి. అటు ఊ కొట్టే మనిషి ఉన్నారు కదా.

ఇంట్లో ఇంగ్లీషులో మాట్లాడితే స్కూల్లో సులువవుతుందా?

మీకు ఏ భాషలో కోపం, ముద్దు, వెటకారం వస్తాయో ఆ భాషలో మాట్లాడండి. మనలో చాలామందికి అది తెలుగే.

ఒక ముచ్చట చెప్పాలి. ‘త’కీ ‘ట’కీ తేడా మనకి చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు వాళ్లకి ఆ తేడా వినపడదు. కెనడాలో జానెట్ వెర్కర్ 1984లో ప్రచురించిన పరిశోధనలో, హిందీలోని ఈ రెండు శబ్దాల తేడాని ఇంగ్లీషు ఇళ్ల పిల్లలు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో సులువుగా పట్టుకున్నారు. పది నుంచి పన్నెండు నెలలకి ఆ శక్తి చాలావరకు పోయింది. అంటే పసిచెవి మొదట అన్ని భాషలకీ తెరిచి ఉంటుంది, ఏడాది వచ్చేసరికి తన చుట్టూ వినపడేదాన్నే ఉంచుకుంటుంది. ఇంట్లో రెండు భాషలు నిజంగా మాట్లాడేవాళ్లుంటే రెండూ వస్తాయి. వన్‌టౌన్‌లో ఉర్దూ, తెలుగు కలిపి పెరిగే పిల్లల్ని చూడండి. రెండు భాషల వల్ల మాట ఆలస్యం అవుతుందనేది అపోహ. కానీ ‘కమ్’, ‘సిట్’, ‘నో టచింగ్’ అనే మూడు ముక్కల ఇంగ్లీషు ఒక భాష కాదు.

అందరి దగ్గరికీ వెళ్లేవాడు. తొమ్మిదో నెలలో కొత్తవాళ్లని చూస్తే ఒకటే ఏడుపు. దిష్టి తగిలిందా?

దిష్టి తీయాలనిపిస్తే తీయండి, కానీ ఇది బుద్ధి పెరిగిన గుర్తు. అమ్మ వేరు, మిగతావాళ్లు వేరు అని ఇప్పుడు బాగా తెలిసింది. అమ్మ కనపడకపోయినా ఎక్కడో ఉంటుందని కూడా తెలిసింది, కాబట్టే వెతుక్కుంటాడు. ఇంగ్లండ్‌లో జాన్ బౌల్బీ, ఆయనతో కలిసి పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ ఈ బంధం గురించి జీవితమంతా పరిశోధించారు. ఐన్స్‌వర్త్ 1950ల్లో ఉగాండా పల్లెల్లో తల్లుల్ని, పిల్లల్ని చూసి రాసింది కూడా ఇదే: పిల్లలు అమ్మని ఒక స్థావరంలా చేసుకుని, కాస్త దూరం పాకి, వెనక్కి చూసి, మళ్లీ పాకుతారు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మా పెద్దాడికి పది నెలలప్పుడు క్రెష్‌లో వేశాను. ఏడుస్తాడని, ఆయా వాడికి బొమ్మ చూపిస్తుంటే వెనక తలుపులోంచి జారుకున్నాను. వాడు ఏడవలేదట, మొదటి రోజు. ఆ రాత్రి నుంచి నేను బాత్రూమ్‌కి వెళ్లినా తలుపు బాదేవాడు. రెండు వారాలు నా చీర కొంగు వదల్లేదు. ఈ చదువంతా చదివిన దాన్ని నేను!

చెప్పే వెళ్లండి. ‘అమ్మ ఆఫీసుకెళ్లి పాలు తాగే టైమ్‌కి వస్తుంది, టాటా.’ ఏడుస్తాడు. ఏడ్చినా, వెళ్లిన అమ్మ చెప్పినట్టే వస్తుందని నేర్చుకుంటాడు.

పాపని గుంటూరులో మా అమ్మ దగ్గర ఉంచి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మనసు దెబ్బతింటుందా?

దాచకుండా చెప్తాను. రోజూ ఎత్తుకునే, తినిపించే, పడుకోబెట్టే మనిషి మారకుండా ఉంటే బిడ్డ బాగానే ఉంటుంది. ఆ మనిషి అమ్మమ్మ అయినా సరే. పిల్లలు ఒక్కరితోనే కాదు, ఇద్దరు ముగ్గురితో గట్టి బంధం పెట్టుకోగలరు. ఇబ్బందల్లా మూడు నెలలు ఇక్కడ, రెండు నెలలు అత్తారింట్లో, మధ్యలో ఒక కొత్త ఆయా అన్నప్పుడు.

శుక్రవారం రాత్రి బస్సెక్కి పొద్దున్నే వచ్చిన మీ దగ్గరికి పాప రాకుండా అమ్మమ్మ కొంగు వెనక దాక్కుంటే గుండె పిండినట్టుంటుంది. లాక్కోవద్దు. పక్కన కూర్చుని అమ్మమ్మతో మాట్లాడుతూ ఉండండి, తనే వస్తుంది. తిరిగి మీ దగ్గరికి తీసుకెళ్లే రోజున అమ్మమ్మని కూడా కొన్ని వారాలు తీసుకెళ్లండి. ఒక్క రోజులో పాప అమ్మమ్మని పోగొట్టుకోకూడదు.

ఈ వయసువి పెద్దయ్యాక గుర్తుండవు కదా?

సంఘటనలు గుర్తుండవు. మూడేళ్ల లోపువి మనలో దాదాపు ఎవరికీ గుర్తులేవు. కానీ నేర్చుకున్నది ఉండిపోతుంది. రుమేనియాలో 1989 తర్వాత బయటపడిన అనాథాశ్రమాల్లో పిల్లలకి తిండి, పడక ఉన్నాయి, తమదని చెప్పుకునే మనిషి లేడు. 2000లో బుకారెస్ట్‌లో మొదలైన పరిశోధనలో వాళ్లలో కొందరిని కుటుంబాల్లో పెట్టి, ఏళ్ల తరబడి గమనించారు. రెండేళ్ల లోపే ఇంటికి చేరిన పిల్లలు బంధాల్లోనూ తెలివిలోనూ, ఆలస్యంగా చేరినవాళ్లకన్నా బాగా కోలుకున్నారు.

రెండేళ్లు వచ్చినా మాటలు లేవు. వస పోయమంటున్నారు.

గలగలా మాట్లాడే పిల్లని వసపిట్ట అంటాం, కానీ వస వల్ల ఏ పిట్టకీ మాటలు రాలేదు. వసకొమ్ములో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. తిండిలో దాన్ని వాడటాన్ని అమెరికా 1968లోనే నిషేధించింది. వస నాకించాక వాంతులతో వచ్చే పసివాళ్లని డాక్టర్లు చూస్తూనే ఉంటారు. ఏడాది లోపు బిడ్డకైతే తేనె కూడా నాకించవద్దు, బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

చేయాల్సిన మొదటి పని వినికిడి పరీక్ష. ‘పిలిస్తే పలుకుతాడండీ’ అంటారు. గిన్నె చప్పుడుకి తిరిగే పిల్లాడికి కూడా మాటలోని సన్నటి శబ్దాలు వినపడకపోవచ్చు. పరీక్ష నొప్పి లేనిది, నిద్రలోనే చేస్తారు. ‘వాళ్ల నాన్న కూడా నాలుగేళ్లకి మాట్లాడాడు’ అనే మాట విని ఏడాది పోగొట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు.

బీసెంట్ రోడ్డు మధ్యలో బెలూన్ కోసం కింద పడి దొర్లాడు. అందరూ చూస్తున్నారు. కొట్టాను. తప్పా?

కొట్టకుండా ఉంటే బాగుండేది, కానీ మిమ్మల్ని తిట్టే ఓపిక నాకు లేదు. మే నెలలో బెజవాడ ఎండలో, నిద్ర టైమ్‌లో, ఆ జనంలో పెద్దవాళ్లకే దొర్లాలనిపిస్తుంది.

ఏడాదిన్నర నుంచి మూడేళ్ల దాకా ఇది మామూలే. కోరిక పెద్దది, మాట చిన్నది. కోపాన్ని ఆపుకునే మెదడు ముందు భాగం పూర్తిగా తయారవడానికి పాతికేళ్లు పడుతుంది. పక్కకి తీసుకెళ్లి, ఆనుకుని కూర్చోండి. ‘బెలూన్ కావాలి, నాన్న కొననన్నాడు, కోపం వచ్చింది’ అని వాడి తరఫున మీరే చెప్పండి. ఆ సమయంలో పాఠాలు వద్దు, చెవికెక్కవు. బెలూన్ మాత్రం కొనొద్దు. కొంటే రేపటి నుంచి దొర్లడమే బేరం. ‘బూచాడికి పట్టిస్తా’, ‘సూది పొడిపిస్తా’ అని కూడా బెదిరించకండి. ఆ రెండోది అన్నవాళ్లే మర్నాడు మా దగ్గరికి వచ్చి, సూది చూస్తే ఏడుస్తున్నాడంటారు.

తన బొమ్మ ఎవరికీ ఇవ్వడు, కొరుకుతాడు. స్వార్థపరుడవుతాడా?

రెండేళ్లకి పంచుకోవడం రాదు. పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వాళ్లే ఆడతారు. కానీ ఎదుటివాళ్ల మనసు తెలియడం అప్పటికే మొదలవుతుంది. 1997లో రెపాకోలీ, గాప్నిక్ అనే పరిశోధకులు పిల్లల ముందు బిస్కెట్లు తిని ముఖం చిట్లించి, పచ్చి బ్రకోలీ తిని ‘ఆహా’ అన్నారు. తర్వాత ‘నాకు పెట్టు’ అని చెయ్యి చాచారు. 14 నెలల పిల్లలు తమకిష్టమైన బిస్కెట్టే పెట్టారు. 18 నెలల పిల్లలు బ్రకోలీ పెట్టారు. మన ఇంట్లో కాకరకాయ వేపుడుతో చేసి చూడచ్చు.

తెలివికి ఏ బొమ్మలు కొనాలి? ఏ తిండి పెట్టాలి?

బొమ్మలకి గిన్నె, గరిటె, మూతలు, అట్టపెట్టె. వాకర్ వద్దు, దొర్లి పడతారు, నడకా త్వరగా రాదు.

తిండిలో ఇనుము చూసుకోండి. రక్తం తక్కువైతే బిడ్డ మందంగా ఉంటాడు, నేర్చుకోవడం వెనకబడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉంది. ఆరు నెలలు నిండగానే పప్పు, ఆకుకూర, గుడ్డు, తినేవాళ్లయితే మెత్తగా చేసిన మాంసం మొదలుపెట్టండి. ఐరన్ చుక్కలు డాక్టర్ చెప్పినట్టు.

బిడ్డని చూస్తే ఏ సంతోషమూ కలగడం లేదు. ఎవరికీ చెప్పలేదు.

నాకు చెప్పారు, మంచి పని చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మనలాంటి దేశాల్లో ప్రసవమైన ప్రతి ఐదుగురిలో ఒకరికి మానసిక సమస్య, ఎక్కువగా డిప్రెషన్, వస్తోంది. మొదటి వారం పది రోజులు ఊరికే ఏడుపు రావడం మామూలు. రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది జబ్బు, దానికి వైద్యం ఉంది. పాలిచ్చేవాళ్లకి పనికొచ్చే మందులూ ఉన్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనో, బిడ్డని ఏమైనా చేయాలనో ఆలోచన వస్తే రేపటిదాకా ఆగకండి, ఇంట్లో ఒకరికి చెప్పి ఈరోజే ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లోవాళ్లు ‘బాలింతకి ఇవన్నీ మామూలే’ అనకుండా, రాత్రి బిడ్డని తీసుకుని ఆవిడని నాలుగు గంటలు వరసగా నిద్రపోనివ్వండి. నాన్నలు ఏం చేయాలని అడుగుతుంటారు. ముందు అది చేయండి.

ఎప్పుడు డాక్టర్‌కి చూపించాలి? ఎక్కడ?

మూడు నెలలకి ముఖం చూసి నవ్వకపోతే. తొమ్మిది పది నెలలకి శబ్దాలేవీ చేయకపోతే. ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే తిరగకపోతే, ఏడాదిన్నరకి వేలు పెట్టి చూపించకపోతే, కళ్లలోకి చూడకపోతే. రెండేళ్లకి రెండు ముక్కలు కలిపి మాట్లాడకపోతే. వచ్చిన మాట, నవ్వు పోతే మాత్రం ఏ వయసులోనైనా వెంటనే.

దగ్గర్లోని అంగన్‌వాడీలో, ఆశా కార్యకర్తని అడిగినా దారి చెప్తారు. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్) అనే ప్రభుత్వ కార్యక్రమంలో పిల్లల ఎదుగుదల లోపాల పరీక్ష, వైద్యం ఉచితం. విజయవాడలోనూ గుంటూరులోనూ పెద్దాసుపత్రిలో పిల్లల విభాగం ఉంది. వచ్చేటప్పుడు టీకాల కార్డుతో పాటు, ఇంట్లో వాడు మామూలుగా ఆడుకుంటున్నప్పటి రెండు నిమిషాల వీడియో తీసుకురండి. కొత్త గది, తెల్లకోటు చూసి ఏ పిల్లాడూ తన అసలు రంగు చూపించడు.